షూలెస్ జో జాక్సన్

షూలెస్ జో జాక్సన్‌గా ప్రసిద్ధుడైన జోసెఫ్ జెఫర్సన్ జాక్సన్ (జూలై 16, 1887 - డిసెంబరు 5, 1951) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బేస్‌బాల్ క్రీడాకారుడు. ఫిలడెల్ఫియా, క్లీవ్‌లాండ్, చికాగో జట్ల తరఫున 1908 నుండి 1920 వరకు ఆడాడు. బేస్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ బ్యాటర్లలో ఒకడిగా పేరుపొందినప్పటికీ, 1919 ప్రపంచ సిరీస్‌లో ఓడిపోవడానికి జూదరుల నుండి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణపై జీవితకాల నిషేధానికి గురైన ఎనిమిది మంది ఆటగాళ్ళలో ఇతడు ఒకడు. న్యాయస్థానం నిర్దోషిగా తీర్పు చెప్పిన మరునాడే ఈ నిషేధం ప్రకటించబడింది. మరణించిన 73 సంవత్సరాల తరువాత, 2025లో ఇతని పేరు నిషేధితుల జాబితా నుండి తొలగించబడింది.

బాల్యం

జాక్సన్ దక్షిణ కరొలినా రాష్ట్రంలోని పికెన్స్ కౌంటీలో జన్మించాడు. తండ్రి జార్జ్ ఇతరుల పొలాన్ని కోరుకు సాగుచేసే రైతు. సేద్యంలో మిగులు లేక ఆ కుటుంబం నూలు మిల్లులను ఆశ్రయించి, చివరకు గ్రీన్‌విల్ పట్టణం పక్కనున్న బ్రాండన్ మిల్లు కార్మికవాడలో స్థిరపడింది. ఆ వాడలో ఇళ్ళు, దుకాణం, బడి, చర్చి అన్నీ మిల్లు యాజమాన్యానివే. జాక్సన్ ఆరేడేళ్ళ వయసులోనే మిల్లు పనిలో చేరాడు. రోజుకు పన్నెండు గంటల పని. పత్తి నుండి లేచే పీచు జుట్టుకు పట్టి ఉండటం వలన ఈ కార్మికులను పట్టణవాసులు పీచుతలలని ఎగతాళి చేసేవారు.

ఇతడు ఏనాడూ బడికి వెళ్ళలేదు. జీవితాంతం చదవడం, రాయడం రాలేదు. సంతకం మాత్రం ఎంతో కష్టం మీద, భార్య రాసి ఇచ్చిన నమూనా చూసి గీసేవాడు. అభిమానులకు చేరిన సంతకాలలో అధికభాగం భార్య చేసినవే. ఈ విషయం ఇతని జీవితంలోని ప్రతి మలుపులోనూ ఎదురవుతుంది.

ఆ కాలంలో దక్షిణాది మిల్లులు ఒక్కొక్కటి ఒక్కో బేస్‌బాల్ జట్టును పోషించేవి. జాక్సన్ 13 ఏళ్ళకే బ్రాండన్ మిల్లు జట్టులో పెద్దవాళ్ళతో కలిసి ఆడాడు. ఆటకు రెండున్నర డాలర్లు ముట్టేవి. స్థానిక వడ్రంగి చార్లీ ఫెర్గూసన్ చేసిచ్చిన బ్యాటును పొగాకు రసంతో నల్లగా చేసి బ్లాక్ బెట్సీ అని పేరు పెట్టుకున్నాడు.

1908లో గ్రీన్‌విల్ స్పిన్నర్స్ జట్టులో చేరి వృత్తి క్రీడాకారుడయ్యాడు. అదే సంవత్సరం కేటీ విన్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమెకు చదువు వచ్చు. ఒప్పందాలు, ఉత్తరాలు, లెక్కలు ఆమే చూసుకునేది. మారుపేరు వచ్చింది కూడా ఈ రోజులలోనే. కొత్త బూట్లు కరచి కాళ్ళు బొబ్బలెక్కగా ఒక ఆటలో మేజోళ్ళతోనే బరిలోకి దిగాడు. ప్రేక్షకులలో ఒకరు అది గమనించి చేసిన ఎగతాళి పత్రికల్లోకి ఎక్కి "బూట్లు లేని జో" అన్న పేరు స్థిరపడింది. అతడు అలా ఆడినది ఆ ఒక్కసారే. ఆ పేరు అతనికి నచ్చేది కాదు.

క్రీడా జీవితం

ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టు నిర్వాహకుడు కోనీ మాక్ 1908లో ఇతనిని కొన్నాడు. పల్లెటూరి మాట, చదువురానితనం సహచరుల వెక్కిరింతకు గురికావడంతో జాక్సన్ ఆ మహానగరంలో ఇమడలేక పలుమార్లు ఇంటికి తిరిగి వచ్చేశాడు. 1910లో మాక్ ఇతనిని క్లీవ్‌లాండ్ జట్టుకు ఇచ్చివేశాడు. అక్కడ కుదురుకున్నాడు.

క్రికెట్‌కు అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఇక్కడ కొంత వివరణ అవసరం. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే పరుగుల సగటు కాదు, బ్యాటింగ్ అవకాశాలలో ఎన్నింట హిట్ సాధించాడన్న నిష్పత్తి. దానిని దశాంశంలో రాస్తారు. .300 అంటే పది అవకాశాలలో మూడు హిట్లు. అంతమాత్రం నిలకడగా చేసినవాడు గొప్ప ఆటగాడి కిందే లెక్క. జాక్సన్ తన మొదటి పూర్తి సీజన్ అయిన 1911లో .408 సాధించాడు. విచిత్రమేమంటే అంతటి సగటుతో కూడా అతడు రెండవ స్థానంలోనే నిలిచాడు. ఆ ఏడు టై కాబ్ .420 సాధించాడు. 1912లో జాక్సన్ సగటు .395, 1913లో .373, ఆ రెండు సంవత్సరాలూ కాబ్‌దే పైచేయి. జాక్సన్‌కు మేజర్ లీగ్ బ్యాటింగ్ కిరీటం ఎన్నడూ దక్కలేదు. తరువాతి తరంలో అందరినీ మించిపోయిన బేబ్ రూత్ తన బ్యాటు ఊపును జాక్సన్‌ను చూసి నేర్చుకున్నానని చెప్పుకున్నాడు.

1915లో ఆర్థికంగా చితికిన క్లీవ్‌లాండ్ యజమాని ఇతనిని ముగ్గురు ఆటగాళ్ళకు, 31,500 డాలర్లకు బదులుగా చికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చాడు. 1917లో వైట్ సాక్స్ న్యూయార్క్ జెయింట్స్‌ను ఓడించి ప్రపంచ సిరీస్ గెలిచింది. 1918లో మొదటి ప్రపంచయుద్ధం కారణంగా జాక్సన్ విల్మింగ్టన్‌లోని ఓడల నిర్మాణ కేంద్రంలో పనికి చేరగా, సైన్యంలో చేరకుండా తప్పించుకున్నాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

1919 ప్రపంచ సిరీస్

ఆనాటి ఆటగాళ్ళకు జట్టు మారే స్వేచ్ఛ లేదు. ఒప్పందాలలో ఉండే ఒక షరతు ప్రకారం సీజన్ ముగిసినా ఆటగాడు అదే యజమానికి కట్టుబడి ఉండాలి. ఇచ్చినంత తీసుకోవాలి, లేదా ఆట మానుకోవాలి. 1919లో జాక్సన్ జీతం 6,000 డాలర్లు. వైట్ సాక్స్ యజమాని చార్లెస్ కోమిస్కీ పిసినారితనమే ఆటగాళ్ళను జూదరుల వైపు నెట్టిందని చాలాకాలం ప్రచారంలో ఉంది. అయితే తరువాతి పరిశోధకులు జీతాల పత్రాలు పరిశీలించి, ఆనాటి జట్లలో వైట్ సాక్స్ చెల్లించిన మొత్తం తక్కువేమీ కాదని తేల్చారు. కాబట్టి దారిద్ర్యం ఒక్కటే కారణమనడం సరికాదు. బేస్‌బాల్ మైదానాలలో పందాలు బహిరంగంగా సాగేవి, ఆటలు అమ్ముడుపోతున్నాయన్న గుసగుసలు ఏళ్ళ తరబడి ఉన్నాయి, శిక్షలు మాత్రం అరుదు. 1877లో లూయీవిల్ జట్టుకు చెందిన నలుగురిని ఈ నేరంపైనే శాశ్వతంగా వెలివేశారు. ఆ హెచ్చరిక 1919 నాటికి అందరూ మరచిపోయారు.

సిరీస్‌లో వైట్ సాక్స్ ప్రత్యర్థి సిన్సినాటి రెడ్స్. ఆ ఏడాది తొమ్మిది ఆటలలో అయిదు గెలిచినవారే విజేత. వైట్ సాక్స్ బలమైన జట్టు. అయితే ఫస్ట్ బేస్ ఆటగాడు చిక్ గాండిల్ అప్పటికే జూదరులతో బేరం కుదుర్చుకున్నాడు. దీని వెనుక న్యూయార్క్ జూదరి ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ సొమ్ము ఉందని విస్తృతంగా నమ్ముతారు. అతనిపై ఏనాడూ నేరం మోపబడలేదు. అక్టోబరు 1న మొదటి ఆటలో పిచ్చర్ ఎడ్డీ సికాట్ ప్రత్యర్థి తొలి బ్యాటర్‌ను బంతితో కొట్టాడు. బేరం ఖాయమనడానికి అది గుర్తు. ఆ ఆటలో వైట్ సాక్స్ 9-1 తేడాతో ఓడింది. అక్టోబరు 9న ముగిసిన సిరీస్‌ను రెడ్స్ 5-3తో గెలిచింది.

జాక్సన్‌కు 20,000 డాలర్లు ఇస్తామన్నారు. నాలుగవ ఆట తరువాత సహచరుడు, పిచ్చర్ లెఫ్టీ విలియమ్స్ తెచ్చిన ఒక కవరులో 5,000 డాలర్లు ముట్టాయి. మిగతాది రాలేదు. ఆ డబ్బును అతడు తిరిగి ఇవ్వలేదు.

అదే సిరీస్‌లో అతని సగటు .375. రెండు జట్లలోనూ అదే అత్యధికం. 12 హిట్లతో అప్పటి రికార్డు నెలకొల్పాడు. సిరీస్ మొత్తంలో నమోదైన ఏకైక హోమ్ రన్ అతనిదే. ఫీల్డింగ్‌లో ఒక్క పొరపాటు కూడా అతని పేర నమోదు కాలేదు. ఓడటానికి డబ్బు తీసుకున్నవాడు ఇలా ఆడతాడా అన్నది అభిమానులు నాటి నుండి నేటి వరకు అడుగుతున్న ప్రశ్న. దీనికి ఎదురువాదం కూడా లేకపోలేదు. అతని బ్యాటు ద్వారా జట్టుకు వచ్చిన ఆరు పరుగులూ చివరి మూడు ఆటలలో వచ్చినవే. మొదటి అయిదు ఆటలలో, అనగా బేరం బలంగా ఉన్న దశలో, అతని హిట్ వలన ఒక్క పరుగు కూడా రాలేదు. గణాంకాలు ఇరువైపులకూ సాక్ష్యమిస్తాయి. అయిదువేల డాలర్లు మాత్రం ఒకవైపే ఉన్నాయి.

గ్రాండ్ జ్యూరీ, నేర విచారణ

సిరీస్ ముగిసిన తరువాత పుకార్లు ఆగలేదు. కోమిస్కీ సాక్ష్యం ఇచ్చినవారికి 10,000 డాలర్ల బహుమతి ప్రకటించాడు. డబ్బు కవరుతో తాను కోమిస్కీ కార్యాలయానికి వెళ్ళానని, లోపలికి రానివ్వలేదని జాక్సన్ తరువాతి కాలంలో చెప్పాడు. నవంబరులో అతని తరఫున భార్య రాసిన ఉత్తరం కోమిస్కీకి చేరింది. యజమానికి విషయం తెలిసే 1920లో అదే ఆటగాళ్ళను మళ్ళీ ఆడించాడన్న విమర్శకు ఇవే ఆధారాలు. 1920 సీజన్‌లో జాక్సన్ .382 సగటుతో, 12 హోమ్ రన్లతో తన జీవితంలోని అత్యుత్తమ ఆటలలో ఒకటి ప్రదర్శించాడు.

1920 సెప్టెంబరులో చికాగోలో మరొక ఆటపై వచ్చిన ఫిర్యాదును విచారిస్తున్న గ్రాండ్ జ్యూరీ 1919 సిరీస్ మీదికి మళ్ళింది. సెప్టెంబరు 28న సికాట్ నేరం ఒప్పుకున్నాడు. అదే రోజు జాక్సన్ వచ్చాడు. అతనికి సలహా ఇచ్చిన న్యాయవాది ఆల్ఫ్రెడ్ ఆస్ట్రియన్ నిజానికి కోమిస్కీ న్యాయవాది. యజమాని ప్రయోజనం, ఆటగాడి ప్రయోజనం వేరువేరని జాక్సన్‌కు చెప్పిన నాథుడు లేడు. తన మాటలు తనపైనే సాక్ష్యంగా వాడుకోవడానికి అంగీకరించే కాగితంపై, చదవలేని ఆ మనిషి సంతకం చేశాడు. డబ్బు అందిన మాట ఒప్పుకున్నాడు. ఆట మాత్రం గెలవడానికే ఆడానని చెప్పాడు. ఆ రోజే కోమిస్కీ ఆటగాళ్ళను సస్పెండు చేశాడు.

కోర్టు మెట్ల మీద ఒక పిల్లవాడు జాక్సన్‌ను ఆపి, ఇది నిజం కాదని చెప్పమని ప్రాధేయపడినట్లు పత్రికలు రాశాయి. అమెరికాలో ఇది సామెతగా మారిపోయింది. అటువంటిదేమీ జరగలేదని జాక్సన్ ఖండించాడు.

1921 వేసవిలో జరిగిన విచారణకు ముందే గ్రాండ్ జ్యూరీ వాంగ్మూలాల అసలు ప్రతులు మాయమయ్యాయి. పైగా డబ్బు తీసుకుని ఆట ఓడటాన్ని నేరంగా పేర్కొనే చట్టం ఇల్లినాయ్ రాష్ట్రంలో అప్పటికి లేదు. అందువలన ప్రభుత్వం కుట్ర నేరం మోపింది. ఆట ఓడటం మాత్రమే కాక, ప్రజలను మోసగించే ఉద్దేశం కూడా రుజువు కావాలని న్యాయమూర్తి హ్యూగో ఫ్రెండ్ జ్యూరీకి సూచించాడు. ఆగస్టు 2న జ్యూరీ అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. జ్యూరీ సభ్యులు ఆటగాళ్ళను భుజాలకెత్తుకున్నారు.

జీవితకాల నిషేధం

ఈ కుంభకోణంతో బెదిరిన జట్ల యజమానులు 1920 నవంబరులో ఫెడరల్ న్యాయమూర్తి కెనెసా మౌంటెన్ లాండిస్‌ను సర్వాధికారాలతో తొలి కమిషనర్‌గా నియమించారు. తీర్పు వెలువడిన మరునాడు, ఆగస్టు 3, 1921న లాండిస్ ఎనిమిది మందినీ శాశ్వతంగా బహిష్కరించాడు. జ్యూరీ ఏమి చెప్పినప్పటికీ, ఆట ఓడిస్తానని మాట ఇచ్చినవాడు గాని, అటువంటి సమావేశంలో కూర్చుని జట్టుకు తెలియజేయనివాడు గాని ఇక వృత్తి బేస్‌బాల్ ఆడబోడన్నది ఆ ప్రకటన సారాంశం. రెండవ భాగం బక్ వీవర్‌ను ఉద్దేశించినది. అతడు డబ్బు తీసుకోలేదు, బాగా ఆడాడు, కాని తెలిసి చెప్పలేదు. జాక్సన్ పరిస్థితి దానికి తలకిందులు. విలియమ్స్ సాక్ష్యం ప్రకారం అతడు కుట్ర సమావేశాలకు హాజరు కాలేదు, కాని డబ్బు తీసుకున్నాడు. లాండిస్ ఈ తేడాలను లెక్కలోనికి తీసుకోలేదు. శిక్షలో తరతమ భేదాలు పాటించకపోవడమే ఈ నిర్ణయంపై నేటికీ ఉన్న ప్రధాన విమర్శ. అయితే ఆ తరువాత ప్రపంచ సిరీస్‌ను అమ్ముకున్న మరో జట్టు కనబడలేదు.

మిల్వాకీ దావా

ఈ కథలో తక్కువగా ప్రస్తావించబడే ఘట్టం ఇది. 1920 ఫిబ్రవరిలో క్లబ్ కార్యదర్శి హ్యారీ గ్రాబినర్ జాక్సన్ నివాసముంటున్న సవన్నాకు వెళ్ళి, ఏటా 8,000 డాలర్ల చొప్పున మూడేళ్ళ ఒప్పందం కుదుర్చుకున్నాడు. పది రోజుల నోటీసుతో ఆటగాడిని తొలగించే షరతు ఇందులో లేదని గ్రాబినర్ తనకు నోటిమాటగా చెప్పాడని, భార్యకు చూపకుండానే సంతకం చేయించాడని జాక్సన్ వాదన. కాగితంలో ఆ షరతు ఉంది. 1921లో క్లబ్ దానినే ఉపయోగించి అతనిని వదిలించుకుంది.

మిగిలిన రెండేళ్ళ జీతం కోసం జాక్సన్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో దావా వేశాడు. 1924లో విచారణ జరిగింది. తాను కుట్రలో చేరలేదని, సిరీస్ ముగిసేదాకా డబ్బు తనకు అందలేదని ప్రమాణం చేసి చెప్పాడు. అప్పుడు క్లబ్ న్యాయవాదులు చికాగోలో మాయమైన గ్రాండ్ జ్యూరీ వాంగ్మూలాన్ని బయటకు తీశారు. అది వారి చేతికెలా వచ్చిందన్నదానికి సంతృప్తికరమైన సమాధానం లభించలేదు. 1920లో చెప్పినదానికి, 1924లో చెప్పినదానికి పొంతన లేదు. జ్యూరీ మాత్రం 11-1 ఆధిక్యతతో జాక్సన్ పక్షాన నిలిచి 16,711 డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి జాన్ గ్రెగరీ ఆ తీర్పును కొట్టివేసి, అబద్ధ సాక్ష్యం నేరంపై జాక్సన్‌ను అరెస్టు చేయించాడు. బెయిలుపై బయటకు వచ్చాడు. ఈ విధంగా రెండు జ్యూరీలు ఇతనిని నమ్మాయి, రెండుసార్లూ ఆ నమ్మకం అతనికి ఉపయోగపడలేదు.

చివరి రోజులు

నిషేధం తరువాత కొన్నేళ్ళు జార్జియా, దక్షిణ కరొలినా రాష్ట్రాలలో చిన్న జట్లకు ఆడాడు. సవన్నాలో బట్టలు శుభ్రపరచే వ్యాపారం నడిపాడు. 1930ల తొలినాళ్ళలో గ్రీన్‌విల్‌కు తిరిగి వచ్చి తరువాత మద్యం దుకాణం పెట్టాడు. చిన్న ఊరి జట్టులో ఆడేందుకైనా అనుమతి ఇవ్వమని చేసిన విజ్ఞప్తిని లాండిస్ 1934లో తిరస్కరించాడు. ఊరిలో మాత్రం ఇతనికి గౌరవం తగ్గలేదు. మిల్లు పిల్లలకు ఆట నేర్పేవాడు. సంతానం లేదు.

1951లో దక్షిణ కరొలినా శాసనసభ ఇతనిపై నిషేధం ఎత్తివేయాలని తీర్మానించింది. ఆ ఏడాదే క్లీవ్‌లాండ్ తన బేస్‌బాల్ ప్రముఖుల జాబితాలో చేర్చుకుంది. డిసెంబరు 16న న్యూయార్క్‌లో టెలివిజన్ కార్యక్రమంలో సత్కారం జరగవలసి ఉండగా, డిసెంబరు 5న గుండెపోటుతో మరణించాడు. ఎనిమిది మందిలో మొదట మరణించినది ఇతడే. భార్య కేటీ 1959లో మరణించింది.

హైదరాబాదు ఉదంతం, తరువాతి కేసులు

కోర్టు తీర్పు వేరు, క్రీడాసంస్థ శిక్ష వేరు అన్న ఈ చిక్కు తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదుకు చెందిన భారత క్రికెట్ మాజీ కెప్టెన్ మహమ్మద్ అజహరుద్దీన్‌పై 2000 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి జీవితకాల నిషేధం విధించింది. ఆయన టెస్టుల సంఖ్య 99 వద్ద ఆగిపోయింది. నవంబరు 8, 2012న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టబద్ధం కాదని తీర్పునిచ్చింది. అప్పటికి ఆయన వయసు 49. చికాగోలో తీర్పు ముందు వచ్చి నిషేధం తరువాత వచ్చింది. హైదరాబాదులో నిషేధం ముందు, తీర్పు తరువాత. లాండిస్ నిర్ణయంపై అప్పీలుకు వెళ్ళే చోటు జాక్సన్‌కు లేదు.

బేస్‌బాల్ నియమాల ప్రకారం తనకు సంబంధంలేని ఆటపై పందెం కాసిన ఆటగాడికి ఏడాది, తాను పాల్గొనే ఆటపై కాస్తే శాశ్వత నిషేధం. 4,256 హిట్లతో రికార్డు నెలకొల్పిన పీట్ రోజ్ సిన్సినాటి రెడ్స్ నిర్వాహకుడిగా ఉంటూ పందాలు కాసినందుకు 1989లో బహిష్కృతుడయ్యాడు. 1991లో నిషేధితుల పేర్లను హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో పరిశీలించరాదని నియమం చేశారు. ఇది రోజ్‌ను దృష్టిలో ఉంచుకుని చేసినదైనా జాక్సన్‌కూ వర్తించింది. 2024లో ట్యుకుపీటా మార్కానో అనే ఆటగాడు ఇదే నియమం కింద జీవితకాల నిషేధానికి గురయ్యాడు.

రోజ్ 2024 సెప్టెంబరులో మరణించాడు. మే 13, 2025న కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ శాశ్వత నిషేధం మరణంతో ముగుస్తుందని నిర్ణయించి, మరణించిన 17 మందిని జాబితా నుండి తొలగించాడు. వారిలో రోజ్, జాక్సన్, మిగిలిన ఏడుగురు వైట్ సాక్స్ ఆటగాళ్ళు ఉన్నారు. ఇది నిర్దోషిత్వ ప్రకటన కాదు. చనిపోయినవాడి వలన ఆటకు ముప్పు లేదన్నదే దాని ఆధారం. జాక్సన్ పేరును హాల్ ఆఫ్ ఫేమ్ సంఘం పరిశీలించగల తొలి అవకాశం 2027 డిసెంబరు.

సాహిత్యం, సినిమా, స్మారకాలు

ఎలియట్ అసినోఫ్ 1963లో రాసిన "ఎయిట్ మెన్ అవుట్" ఈ కుంభకోణాన్ని ప్రజలకు చేరువ చేసింది. అందులోని కొన్ని అంశాలను తరువాతి పరిశోధకులు తోసిపుచ్చారు. దాని ఆధారంగా 1988లో సినిమా వచ్చింది. డబ్ల్యూ. పి. కిన్‌సెల్లా 1982 నవల ఆధారంగా తీసిన "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" (1989) జాక్సన్‌ను కొత్త తరానికి అమాయకుడిగా పరిచయం చేసింది. ఆ సినిమాలో జాక్సన్ కుడిచేతి వాటంతో బ్యాటింగ్ చేస్తాడు. అసలు జాక్సన్ ఎడమచేతి వాటం బ్యాటర్.

గ్రీన్‌విల్‌లో జాక్సన్ నివసించిన ఇంటిని 2006లో బేస్‌బాల్ మైదానం దగ్గరికి తరలించి 2008లో మ్యూజియంగా తెరిచారు. అతని జీవితకాల సగటు .356 కాబట్టి ఆ ఇంటికి 356 అనే సంఖ్య ఇచ్చారు. 1911 నాటి ఫోటోపై జాక్సన్ స్వయంగా చేసిన సంతకం ఒకటి 2021లో క్రిస్టీస్ వేలంలో 14.7 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.